జీతం ప్రభుత్వానిది, వకాలత్ ఖైదీది

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే వేసవి నెలల్లో తల్లిదండ్రులు మా వద్దకు తెచ్చే ప్రశ్నలలో ఒకటి ఏటా తప్పక వినబడుతుంది. "మౌలానా సాహెబ్, మా అబ్బాయి న్యాయశాస్త్రం చదువుతానంటున్నాడు. అబద్ధాన్ని నిజం చేయడమే వకీలు పని అంటారు కదా, చదివించవచ్చునా?" ఈ మధ్య దీనికి మరో ప్రశ్న తోడైంది. "రేపు వాడికి ప్రభుత్వ వకీలు ఉద్యోగమే వచ్చిందనుకోండి. ప్రభుత్వం అన్యాయం చేసినా దాని పక్షానే మాట్లాడాలి కదా?"

మొదటి ప్రశ్నకు సమాధానం మన ఫిఖహ్ గ్రంథాలలోనే ఉంది. వ్యాజ్యంలో తన తరఫున మాట్లాడేందుకు మరొకరిని నియమించుకోవడం సమ్మతమేనని 'వకాలత్' అధ్యాయంలో ధర్మవేత్తలు స్పష్టం చేశారు. హజ్రత్ అలీ (రజి) తమ వ్యాజ్యాలలో సోదరులు హజ్రత్ అఖీల్ (రజి)ను, వారు వృద్ధులైన పిమ్మట హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)ను వకీలుగా నియమించుకున్నారన్న ఉల్లేఖనాన్ని ఆ సందర్భంలోనే పేర్కొంటారు. కనుక వృత్తిలో దోషం లేదు. దోషమంటూ ఉంటే అది నిర్వహించే మనిషిలో ఉంటుంది.

రెండో ప్రశ్న కఠినమైనది. జీతమిచ్చేవారు ఒకరు, తన ప్రాణం ఒప్పజెప్పి కూర్చున్నవారు మరొకరు అయినప్పుడు వకీలు ఎవరికి విధేయుడై ఉండాలి? ఈ ప్రశ్నకు సూత్రాలతో జవాబు చెప్పడం సులభమే. అయితే సూత్రం మనిషి జీవితంలోకి దిగినప్పుడు దాని బరువు ఎంతో తెలియాలంటే ఒక ఉదాహరణ కావాలి. అందుకే ఈ మాసం ఒక అమెరికా నౌకాదళ న్యాయాధికారి ఉద్యోగ జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయన మన మతస్థుడు కాడు, మన దేశస్థుడూ కాడు. అయినా ఆయన ఎదుర్కొన్న పరీక్ష ప్రతి ప్రభుత్వోద్యోగికీ ఏదో ఒక రూపంలో ఎదురయ్యేదే.

నౌక నుండి న్యాయస్థానానికి

చార్లెస్ స్విఫ్ట్ 1984లో అన్నాపొలిస్‌లోని నావల్ అకాడమీ నుండి పట్టభద్రుడై, కొన్నేళ్ళు యుద్ధనౌకలపై అధికారిగా పనిచేశారు. ఆ తరువాత న్యాయశాస్త్రం చదివి, 1994లో పట్టా పొంది, నౌకాదళపు న్యాయ విభాగంలో చేరారు. ఆ విభాగాన్ని జడ్జ్ అడ్వొకేట్ జనరల్ కోర్ అంటారు. సైనికాధికారులకు చట్టం విషయంలో సలహా ఇవ్వడం, నేరం చేసిన సైనికుడిపై కోర్టు మార్షల్‌లో అభియోగం నడపడం, అదే కోర్టు మార్షల్‌లో నిందితుడైన సైనికుడి తరఫున వాదించడం ఇవన్నీ ఆ విభాగపు విధులే. ఈ ఏడాది ప్రాసిక్యూటర్‌గా ఉన్న అధికారి మరో ఏడాది నిందితుల వకీలు కావచ్చు. యూనిఫాం మారదు, జీతమిచ్చే ఖజానా మారదు. మారేది ఒప్పగించిన బాధ్యత మాత్రమే.

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్, వాషింగ్టన్ నగరాలపై జరిగిన దాడులలో దాదాపు మూడు వేల మంది అమాయకులు ప్రాణాలు కోల్పోయారు. దేశమంతా దుఃఖంతో, ఆగ్రహంతో రగిలిపోయింది. ఆ ఏడాది నవంబర్ 13న అధ్యక్షుడు జార్జి బుష్ ఒక సైనిక ఆజ్ఞ జారీ చేశారు. పట్టుబడిన విదేశీయులను సాధారణ న్యాయస్థానాలలో గాని, కోర్టు మార్షల్‌లో గాని కాక, 'మిలిటరీ కమిషన్' అనే ప్రత్యేక సైనిక న్యాయపీఠాల ముందు విచారించవచ్చునన్నది దాని సారాంశం. ఖైదీలను క్యూబా ద్వీపంలోని గ్వాంటనామో నౌకాస్థావరానికి తరలించారు. ఆ నేల అమెరికా కౌలుకు తీసుకున్నది. కనుక అక్కడి ఖైదీల మొర వినే అధికారం అమెరికా న్యాయస్థానాలకు లేదని ప్రభుత్వం వాదించింది.

2003లో స్విఫ్ట్‌ను ఆ కమిషన్ల ముందు నిందితుల తరఫున వాదించే కార్యాలయంలో నియమించారు. అప్పటికి ఆయన హోదా లెఫ్టినెంట్ కమాండర్.

ఉత్తరంలోని షరతు

అదే ఏడాది డిసెంబరులో ఆయనకు ఒక ఖైదీని అప్పగించారు. పేరు సలీం అహ్మద్ హమ్దాన్. యెమెన్ దేశస్థుడు, చదువు అంతంతమాత్రం. నెలకు 200 డాలర్ల జీతానికి ఉసామా బిన్ లాదెన్ వద్ద డ్రైవరుగా పనిచేసినవాడు. 2001 నవంబరులో అఫ్ఘానిస్తాన్‌లో పట్టుబడినప్పుడు అతని కారులో రెండు క్షిపణులు దొరికాయని అభియోగపత్రం చెప్పింది. ఇంటి వద్ద భార్య, ఇద్దరు ఆడపిల్లలు. వారిలో చిన్నది తండ్రి బందీ అయిన తరువాత పుట్టినది.

ఈ వివరాలలో దేనినీ మేము దాచడం లేదు, చిన్నవిగా చూపడమూ లేదు. మూడు వేల మంది మరణానికి కారకుడైనవాడి కారు నడిపిన మనిషిని సమర్థించాలని ఏ అమెరికన్ అధికారి మనసు మాత్రం కోరుకుంటుంది?

అయితే స్విఫ్ట్‌కు కష్టం అక్కడ ఎదురుకాలేదు. ఆయనను నియమించమని కోరుతూ ప్రాసిక్యూషన్ వారు పంపిన ఉత్తరంలో ఒక షరతు ఉంది. వకీలును నియమిస్తున్నది నేరాంగీకారం గురించి సంప్రదింపులు జరపడానికి. ఆ సంప్రదింపులు సాగుతున్నంత కాలమే ఖైదీని కలిసే అవకాశం ఉంటుంది. వేరే మాటల్లో చెప్పాలంటే, ఖైదీ నేరం ఒప్పుకునే దారిలో ఉంటేనే అతనికి వకీలు. ఒప్పుకోనంటే ఆ ఒక్క మనిషి కూడా అతని గది వైపు రాడు. ఈ విషయాన్ని స్విఫ్ట్ 2005 జూన్‌లో అమెరికా సెనేట్ న్యాయ సంఘం ఎదుట స్వయంగా వివరించారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. ఆ షరతును ఆయన మౌనంగా పాటించి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కారు. ఆజ్ఞ పాటించిన అధికారిగా మంచి పేరు వచ్చేది. ఒంటరి గదిలో మగ్గుతూ, భాష రాక, బయటి ప్రపంచపు వార్త తెలియక ఉన్న ఖైదీ చేత సంతకం చేయించడం పెద్ద పని కాదు. కాగితం మీద అది న్యాయసహాయమే అనిపించుకునేది. ప్రపంచంలో జరిగే అన్యాయాలలో చాలా భాగం ఇలాగే, ఫైలులో ఏ లోపమూ కనబడకుండా జరిగిపోతుంది.

స్విఫ్ట్ ఖైదీకి అసలు సంగతి విడమరచి చెప్పారు. ఒప్పుకోవడం ఒక మార్గమని, ఈ న్యాయపీఠమే చట్టబద్ధం కాదని ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేయడం మరో మార్గమని వివరించారు. హమ్దాన్ రెండో మార్గాన్ని ఎంచుకున్నాడు. తన దేశపు సైనిక యూనిఫాం తొడుక్కుని వచ్చినవాడిని ఖైదీ నమ్మడం తేలిక కాదు. ఆ నమ్మకం కోసం స్విఫ్ట్ యెమెన్ వెళ్ళి అతని కుటుంబాన్ని కూడా కలిశారు.

సొంత అధ్యక్షుడిపై దావా

2004 ఏప్రిల్‌లో సియాటిల్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో హెబియస్ కార్పస్ పిటిషను దాఖలైంది. ఖైదీ స్వయంగా న్యాయస్థానాన్ని చేరలేడు కనుక అతని హితం కోరే వ్యక్తిగా స్విఫ్ట్ తన పేరుతోనే దానిని వేశారు. ప్రతివాదుల జాబితాలో రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్‌తో పాటు అధ్యక్షుడు బుష్ కూడా ఉన్నారు. నౌకాదళంలో పనిచేస్తున్న అధికారి తన సర్వసైన్యాధ్యక్షుడిపైనే వేసిన దావా అది. ఆయనకు తోడుగా నిలిచినవారిలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర ఆచార్యుడు నీల్ కత్యాల్ ముఖ్యుడు. భారతదేశం నుండి వలస వెళ్ళిన దంపతుల కుమారుడాయన.

వారి వాదన ఏమిటో పాఠకులు జాగ్రత్తగా గమనించాలని మనవి. హమ్దాన్ కారు నడపలేదని వారనలేదు. అతన్ని విచారించవద్దనీ అనలేదు. విచారించండి, కాని దేశ చట్టసభ చేసిన చట్టానికి, దేశం సంతకం చేసిన జెనీవా ఒప్పందాలకు లోబడిన న్యాయస్థానంలో విచారించండి అన్నారు. కమిషన్ నియమాల ప్రకారం నిందితుడిని తన విచారణ నుండే బయటికి పంపవచ్చు. అతనికి చూపని సాక్ష్యంతోనే అతన్ని దోషిగా తేల్చవచ్చు. అలాంటి విచారణను విచారణ అనవచ్చునా అన్నదే వారి ప్రశ్న.

దావా ఎగుడుదిగుళ్ళ దారిలో నడిచింది. 2004 నవంబర్ 8న వాషింగ్టన్‌లోని జిల్లా న్యాయమూర్తి జేమ్స్ రాబర్ట్‌సన్ ఖైదీ పక్షాన తీర్పు చెప్పారు. ఆ సమయానికి గ్వాంటనామోలో హమ్దాన్‌పై కమిషన్ కార్యక్రమం నడుస్తూ ఉంది. వార్త అందగానే దానిని అర్ధాంతరంగా నిలిపివేశారు. 2005 జూలై 15న అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. కొద్ది నెలలకే అమెరికా ప్రధాన న్యాయమూర్తి అయిన జాన్ రాబర్ట్స్ ఆ అప్పీలు ధర్మాసనంలో సభ్యుడు. అందువల్ల వ్యాజ్యం సుప్రీం కోర్టుకు చేరినప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నారు.

2006 జూన్ 29న సుప్రీం కోర్టు 5-3 ఆధిక్యంతో తీర్పు వెలువరించింది. చట్టసభ అనుమతి లేని ఈ కమిషన్లు సైనిక న్యాయ సంహితకూ, జెనీవా ఒప్పందాలకూ విరుద్ధమని తేల్చింది. బందీలందరికీ కనీస న్యాయ ప్రమాణాలు పాటించాలని చెప్పే జెనీవా ఒప్పందాల ఉమ్మడి 3వ అధికరణం ఈ ఖైదీలకూ వర్తిస్తుందని ప్రకటించింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్ కూడా రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేసిన వృద్ధుడే.

ప్రతిఫలం

తీర్పు వెలువడిన సుమారు రెండు వారాలకు స్విఫ్ట్‌కు ఒక సమాచారం అందింది. కమాండర్ హోదాకు ఆయనను ఎంపిక చేయలేదు. ఆ సైన్యంలో పదోన్నతి రాని అధికారి ఇక ఉద్యోగం విడిచి వెళ్ళవలసిందే. 2007లో ఆయన విరమణ చేశారు. పదోన్నతుల మండలి తన నిర్ణయాలకు కారణాలు వెల్లడించదు. కనుక ఇది ప్రతీకారమేనని తీర్పు చెప్పడం మా పని కాదు. పరుల గురించి న్యాయం మాట్లాడుతూ మనమే రుజువు లేని అభియోగం మోపడం తగదు. దేశ సర్వోన్నత న్యాయస్థానంలో చరిత్రకెక్కిన విజయం సాధించిన అధికారి అదే వేసవిలో ఇంటిదారి పట్టవలసి వచ్చిందన్నంత వరకే చెప్పి ఊరుకుంటాము.

ఆయన మాత్రం తన కక్షిదారును వదలలేదు. 2006 అక్టోబరులో చట్టసభ కొత్త చట్టం చేసి కమిషన్లను మళ్ళీ నెలకొల్పింది. 2008లో హమ్దాన్ విచారణ జరిగినప్పుడు స్విఫ్ట్ యూనిఫాం లేకుండా, పౌర వకీలుగా అతని పక్కన కూర్చున్నారు. ఆరుగురు సైనికాధికారుల జ్యూరీ కుట్ర అభియోగం నుండి హమ్దాన్‌ను విముక్తుణ్ణి చేసి, ఉగ్రవాదానికి తోడ్పడ్డాడన్న అభియోగంపై మాత్రం దోషిగా తేల్చింది. ముప్పై ఏళ్ళకు తక్కువ కాని శిక్ష విధించాలని ప్రాసిక్యూషన్ కోరింది. జ్యూరీ విధించినది 66 నెలలు. అందులో 61 నెలలు అప్పటికే గడిచిపోయినట్లు లెక్క కట్టారు. మరణించిన అమాయకుల విషయంలో హమ్దాన్ ఆ సభలోనే విచారం వెలిబుచ్చాడు. ఆ ఏడాది నవంబరులో అతన్ని యెమెన్‌కు పంపారు. 2009 జనవరిలో ఇల్లు చేరాడు. 2012 అక్టోబర్ 16న అప్పీలు న్యాయస్థానం ఆ దోషనిర్ధారణను కూడా రద్దు చేసింది. అతడు చేశాడన్న పని ఆ కాలంలో యుద్ధనేరంగా గుర్తింపు పొందలేదన్నది కారణం.

ఇందులో ఒక వింత ఉంది. ఆ విచారణకు ముందు జరిగిన వాదప్రతివాదాలలో నిందితుడి పక్షాన సాక్ష్యం చెప్పినవారిలో కర్నల్ మోరిస్ డేవిస్ ఒకరు. ఆయన ఎవరో కాదు, 2005 నుండి 2007 అక్టోబరు వరకు అవే కమిషన్లలో ప్రధాన ప్రాసిక్యూటర్. వ్యాజ్యాలలో పైవారి జోక్యాన్ని, చిత్రహింసతో రాబట్టిన సమాచారాన్ని సాక్ష్యంగా వాడాలన్న ఒత్తిడిని నిరసించి పదవి నుండి తప్పుకున్నారు. 2008 ఏప్రిల్‌లో గ్వాంటనామో వచ్చి ఆ సంగతులే ప్రమాణపూర్వకంగా చెప్పారు. ఆ పిమ్మట న్యాయమూర్తి, ప్రాసిక్యూషన్‌పై పెత్తనం చేసిన బ్రిగేడియర్ జనరల్ ఒకరిని ఈ వ్యాజ్యం నుండి దూరంగా ఉంచమని ఆదేశించారు. ఒకరు నిందితుడి వకీలు, మరొకరు ప్రభుత్వ ప్రాసిక్యూటర్. ఇద్దరి జీతమూ ఒకే ఖజానాది. ఇద్దరూ తమ తమ స్థానాల నుండి కాపాడ చూసినది మాత్రం న్యాయవిచారణ అనే ఒకే వస్తువును. మా రెండో ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. ప్రభుత్వ వకీలు విధేయత ఆనాడు అధికార పీఠంపై ఉన్న మనిషికి కాదు, ఆ పీఠాన్ని నిలబెట్టిన చట్టానికి. ఆ తేడా తెలిసినవాడికి ప్రభుత్వ కొలువు పాపపు కూడు కాదు.

మన ధర్మం చెప్పేది

దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 105వ ఆయతు నుండి కొన్ని ఆయతుల నేపథ్యాన్ని వ్యాఖ్యాతలు ఇలా వివరిస్తారు. మదీనాలో ఒక కవచం దొంగతనం జరిగింది. దొంగిలించినవాడు ముస్లిం సమాజంలోనివాడిగా చెలామణి అయ్యే మనిషి. అతడు నేరాన్ని ఒక యూదుడి మీదికి నెట్టాడు. అతని బంధువులు గుంపుగా వచ్చి మా వాడు నిర్దోషి అని దైవప్రవక్త (సఅసం) ఎదుట వాదించారు. అప్పుడు అవతరించిన వాక్యాలు ఆ యూదుడిని నిర్దోషిగా నిలిపాయి. ద్రోహుల పక్షాన వాదించడాన్ని నిషేధించాయి. అదే సూరా 135వ ఆయతు, మాయిదా సూరా 8వ ఆయతు చెప్పేది కూడా ఇదే ధర్మం. న్యాయం స్వజనానికి ప్రతికూలమైనా తప్పించరాదు, శత్రువుకు అనుకూలమైనా ఎగ్గొట్టరాదు.

కొందరు ఇక్కడ సందేహం వెలిబుచ్చవచ్చు. ద్రోహుల పక్షాన వాదించవద్దన్నారు కదా, మరి నిందితుడి తరఫున వకీలు ఎలా నిలబడతాడు? నిందితుడు వేరు, ద్రోహి వేరు. ఎవడు ద్రోహియో తేల్చడానికే విచారణ. ఆ బంధువులు చేసినది నిజాన్ని ఎరిగి కప్పిపుచ్చడం, నేరాన్ని అమాయకుడి నెత్తిన వేయడం. స్విఫ్ట్ చేసినది నిజం తేలే దారిని మూసివేయవద్దని కోరడం. మొదటి దానికీ రెండో దానికీ మధ్య ఉన్న గీత దాటనంత వరకు వకీలు సంపాదన హలాల్. దాటినవాడు నిందితుడి వకీలైనా, ప్రభుత్వ ప్రాసిక్యూటరైనా తీర్పుదినాన జవాబు చెప్పుకోవలసినవాడే.

ఇది అన్ని సమాజాలకూ పరీక్షే. అమెరికా ఇంకా దేశం కాకముందు 1770లో బోస్టన్ వీధిలో ఆంగ్లేయ సిపాయిలు జనంపై కాల్పులు జరిపితే, ఊరంతా ఉరి కోరుతున్న వేళ వారి తరఫున నిలబడిన వకీలు జాన్ ఆడమ్స్. ఆయనే తరువాత ఆ దేశానికి రెండో అధ్యక్షుడయ్యారు. మన దేశంలో కోయంబత్తూరులో వకీళ్ళకూ పోలీసులకూ మధ్య ఘర్షణ జరిగిన తరువాత, నిందితులైన పోలీసుల తరఫున ఎవరూ వాదించరాదని వకీళ్ళ సంఘం తీర్మానించింది. 2010 డిసెంబరులో మన సుప్రీం కోర్టు అటువంటి తీర్మానాలు చెల్లవని ప్రకటించింది. నిందితుడు ఎంత ద్వేషపాత్రుడైనా అతని తరఫున వాదించడం వకీలు కర్తవ్యమన్నది. ఆ వ్యాజ్యంలో వకీలు దొరకని నిందితులు పోలీసులే కావడం గమనార్హం. నేడు బలవంతుడైనవాడు రేపు బోనులో నిలబడడని ఎవరు చెప్పగలరు?

మన ఇళ్ళలో

ఇక తల్లిదండ్రుల విషయం. న్యాయశాస్త్రం చదువుతామనే పిల్లలను నిరుత్సాహపరచకండి. మన రాజ్యాంగపు 39-ఎ అధికరణం పేదలకు ఉచిత న్యాయసహాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా చేసింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం అందాలి. ఈ సంగతి మన ఇళ్ళలో చాలామందికి తెలియదు, తెలిసినవారు ఇరుగుపొరుగుకు చెప్పండి. జిల్లా న్యాయస్థానాలలో ప్రభుత్వ వేతనంతో నిందితుల తరఫున వాదించే వకీళ్ళ వ్యవస్థను జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో ప్రవేశపెట్టింది. ప్రాసిక్యూటర్లూ, ప్రభుత్వ ప్లీడర్లూ సరేసరి. భారత సైన్యంలోనూ జడ్జ్ అడ్వొకేట్ జనరల్ విభాగం ఉంది. న్యాయ పట్టభద్రులైన యువకులనూ యువతులనూ అందులోకి తీసుకుంటారు. ఈ స్థానాలన్నింటిలో ధర్మభీతి గలవారి అవసరం ఎంత ఉందో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే పిల్లవాడిని ఆ దారిలో పంపేముందు ఇంట్లోనే ఒక అలవాటు చేయించండి. తమ్ముడిపై ఫిర్యాదు వస్తే తమ్ముడి మాట కూడా విననివ్వండి. పొరుగువారి పిల్లవాడికీ మన పిల్లవాడికీ తగాదా వచ్చినప్పుడు మన పిల్లవాడిదే తప్పైతే ఆ మాట వాడి ఎదుటే అనండి. పనిమనిషిపై దొంగతనం మోపేముందు ఆమె చెప్పేది చివరిదాకా ఆలకించండి. ఇంట్లో ఇది చూడని బిడ్డకు న్యాయశాస్త్ర కళాశాల దీనిని నేర్పలేదు.

ఇంకొక్క మాట. నిజాయితీగా పనిచేస్తే పదోన్నతి తప్పక వస్తుందని పిల్లలకు అబద్ధపు ఆశ పెట్టకండి. రావచ్చు, రాకపోవచ్చు. స్విఫ్ట్‌కు రాలేదు. ఉద్యోగం విడిచిన తరువాత ఆయన న్యాయశాస్త్రం బోధించారు, సొంతంగా వకాలత్ చేశారు, ఆపైన అమెరికాలోని ముస్లింల తరఫున వాదించే ఒక న్యాయకేంద్రానికి సారథ్యం వహించారు. బతుకుతెరువు ఆగలేదు. ఉపాధి ప్రదాత పదోన్నతుల మండలి కాదు కదా. బిడ్డ హోదా ఎంత పెరిగిందని బంధువులు అడుగుతారు. ఒప్పగించిన అమానతును ఏమి చేశావని అల్లాహ్ అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.